కల్కి చిత్రాంతమున కర్ణుడు : ప్రేక్షకవివాదముపై ఒక పరిశీలనము

విజ్ఞానకల్పనాత్మకమైన కథ ముగిసిన తీరు కొందరికి నచ్చి, కొందరికి నచ్చక, ప్రేక్షకులు పక్షములు కట్టి వాదించుకొనుట పాశ్చాత్యదేశములలో దూరదర్శన ధారావాహికలకు అలవడిన వ్యవహారము. తెలుగునాట అట్టి వివాదములలో మిక్కిలి పెద్దదిగా మేమెఱిగినది 2024వ సంవత్సరము జూన్ 27వ తేదీన విడుదలయైన 'కల్కి 2898 ఏ.డి.' అను చలనచిత్రమును గూర్చినది. దీనికి దర్శకుడు నాగ్ అశ్విన్. చిత్రమునకు ముందుగా 'బుజ్జి అండ్ భైరవ' యను రెండు భాగముల బొమ్మల ధారావాహికయు వెలువడినది. కథ తరువాతి చిత్రమున కొనసాగునని ప్రకటింపబడినది. కావున ఇది ధారావాహికాజాతికి చెందిన రచనయే. అయినను మాకు ఆసక్తి కలిగించిన విషయము వేఱు. వాదించినవారు ఉభయపక్షములవారును సాక్ష్యముగ చూపినది చిత్రమును కాదు, మహాభారతమును. చిత్రాంతము మంచిదా చెడ్డదా యన్న ప్రశ్న రెండు దినములలో కర్ణుడు గొప్పవాడా అర్జునుడు గొప్పవాడా యన్న ప్రశ్నగ మాఱిపోయినది. ఈ మార్పు వలన విమర్శకు కలిగిన నష్టమేమో చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ వాదమును మేము ప్రధానముగ తణుకు పట్టణమున వింటిమి. గోస్తనీతీరమునందలి యీ యూరు నన్నయభట్టారకుని తనవానిగ చెప్పుకొనును. ఆయన పేర పీఠమును నెలకొల్పుకొన్నది. దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టిన మండపాక దీనికి చేరువనే కలదు. చిత్రనాయకుడైన ప్రభాస్ కుటుంబమువారి స్వగ్రామము మొగల్తూరు ఈ జిల్లాలోనిదే. కావున ఇచ్చట భారతాభిమానమును నటాభిమానమును ఒకే యింట కాపురము చేయుచుండుట వింత గాదు. కళాశాలలో తెలుగు చెప్పువారిని విద్యార్థులు, విద్యార్థులను వారి తండ్రులు కర్ణుని గూర్చి ప్రశ్నించిరి. ఒక చలనచిత్రము మూలమున కర్ణపర్వమును గూర్చి ఇంతమంది యొకేమాఱు అడుగుట మా యెఱుకలో లేదు. వారికి చెప్పిన సమాధానములు మాత్రము మాకు తృప్తి నీయలేదు.

కథ చూడనివారికై దాని స్వరూపమును సంగ్రహముగ చెప్పుచున్నాము. కురుక్షేత్రసంగ్రామము కడపట ఉత్తరాగర్భముపై అస్త్రమును ప్రయోగించిన అశ్వత్థామకు శ్రీకృష్ణుడు మరణములేని బ్రతుకును శాపముగ నిచ్చి, కలియుగాంతమున తాను మఱల గర్భస్థుడైనపుడు ఆ గర్భమును కాపాడుట ప్రాయశ్చిత్తమని విధించును. ఆఱువేల యేండ్లు గడచును. లోకమున మిగిలిన పట్టణము కాశి యొక్కటి. దానిపై ఆకసమున తలక్రిందుగ నిలిపిన కోటవలె 'కాంప్లెక్స్' అను సంపన్నుల లోకము తేలుచుండును. దాని యధిపతి యాస్కిన్ స్త్రీల గర్భముల నుండి రసమును తీసి తన యాయువును పెంచుకొన యత్నించుచుండును. అచ్చట బందీయైన సుమతి గర్భవతియై తప్పించుకొని శంబల చేరును. ఆమెను పట్టి యిచ్చినవారికి కాంప్లెక్స్‌లో ప్రవేశము దొరకును గనుక భైరవుడను కూలివీరుడు వెంటబడును. అశ్వత్థామ అడ్డుపడును. కడపటి యుద్ధమున అశ్వత్థామ చేతికఱ్ఱ భైరవుని చేతికి రాగా అది విజయధనుస్సుగ మాఱును. భైరవుడు కర్ణుని పునర్జన్మ యని తెలియవచ్చును. క్షణకాలము కర్ణుడై శత్రువులను సంహరించినవాడు మఱల పూర్వస్వభావమునకు వచ్చి సుమతిని ఎత్తుకొనిపోవును. యాస్కిన్ ఒక బొట్టు రసముతో యౌవనము పొంది గాండీవము నెత్తును. అంతటితో తెర పడును.

వివాదము ఈ కర్ణప్రత్యభిజ్ఞ మీదనే. ఒక పక్షమువారు ద్రౌపదీపరాభవమునందు పాలుగొన్నవానిని కల్కికి రక్షకునిగ చేయుట ధర్మవిరుద్ధమనిరి. రెండవ పక్షమువారు పుట్టుక నెపమున అవమానింపబడిన వీరునకు ఇన్నాళ్ళకు న్యాయము జరిగినదనిరి. మూడవ పక్షమొకటి కలదు, సంఖ్యలో చిన్నది. యంత్రములతో, విమానములతో, ఆఱువేల యేండ్ల భావికాలముతో మొదలైన కథ విల్లమ్ములతో తేలిపోయినదేమని వారి యాక్షేపణ. వీరి మాట నెవ్వరును చెవినిబెట్టలేదు.

మొదటి పక్షమువారు కర్ణుని పరాజయముల పట్టిక నొకటి సిద్ధముచేసిరి. స్వయంవరమున బ్రాహ్మణవేషమునందున్న అర్జునునితో పోరి విరమించుట, ఘోషయాత్రలో గంధర్వులచేతిలో ఓడుట, ఉత్తరగోగ్రహణమున ఓడుట, ఇత్యాదులు. ఇవి యన్నియు నిజములే; భారతము చదివినవా డెవడును కాదనజాలడు. కాని యీ పట్టిక చిత్రాంతమును గూర్చి యేమి నిరూపించుచున్నది? భారతమున లేనిది చిత్రమున నుండరాదను సూత్రమును అంగీకరించినచో మొట్టమొదట 1957 నాటి 'మాయాబజార్'ను మనము త్యజింపవలసియుండును. శశిరేఖాపరిణయము వ్యాసభారతమునను లేదు, కవిత్రయభారతమునను లేదు. పాండవులు ఒక్కమాఱైన తెరపై కనబడని ఆ భారతకథను తెలుగువారు ఏ యాక్షేపణయు లేక గుండెకు హత్తుకొనిరి. లక్ష్మణకుమారుని హాస్యగానిగ చేసినందులకు ఎవ్వరును పర్వశ్లోకములను ఉదాహరింపలేదు. కావున మూలములో లేదనుట దోషమునకు హేతువు కాదు. హేతువు వేఱొకచోట వెదుకవలెను.

రెండవ పక్షమువారి కర్ణుడు ఎచ్చటనుండి వచ్చెనో కూడ గమనింపవలెను. తెలుగున కర్ణుని చరిత్ర మువ్వురి చేతులమీదుగ నడచినది. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున అర్జునుని ఎదిరించి అంగరాజ్యము పొందిన కర్ణుడు నన్నయవాడు. ఘోషయాత్ర, కవచకుండలముల దానము ఆరణ్యపర్వశేషమునందలివి గనుక ఎఱ్ఱనవి. కృష్ణుని పిలుపును, కుంతి వేడికోలును త్రోసిపుచ్చిన కర్ణుడు, రథచక్రము క్రుంగిన కర్ణుడు తిక్కనవాడు. సభయందలి దురుక్తులను ఒకరు, దానమును ఒకరు, మరణమును ఒకరు తెలిగించిరి. ఈ మువ్వురిని కలిపి యొక్క మూర్తిగ జనులకు చూపినది మాత్రము రంగస్థలము, తదుపరి వెండితెర. ఏండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రియు, కడియమున పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రియు కలసి వ్రాసిన పాండవోద్యోగవిజయములు ఈ డెల్టాలో పద్యము నోట రాని పామరుని కూడ భారతపాత్రల పక్షములలో నిలిపినవి. 1964లో శివాజీ గణేశన్ నటించిన 'కర్ణన్', 1977లో నందమూరి తారక రామారావు తానే దర్శకుడై, కర్ణదుర్యోధనకృష్ణుల మూడు పాత్రలను ధరించిన 'దాన వీర శూర కర్ణ' దుఃఖవీరుడైన కర్ణుని స్థిరపఱచినవి. ఇప్పటి చర్చలో మాటిమాటికి తల ఎత్తిన కథ, కర్ణబాణములకు అర్జునుని రథము కొన్ని యడుగులు వెనుకకు పోగా కృష్ణుడు కర్ణునే మెచ్చుకొనెనన్నది, జనశ్రుతియే. వ్యాసునియందు గాని కవిత్రయమునందు గాని అది లేదు. అట్లని జనశ్రుతి తక్కువది యనుట మా యభిమతము గాదు. దానికి శ్లోకసంఖ్య అడుగుట మాత్రము వృథాప్రయాస.

ఇంతకును ఈ చిత్రాంతమున అసలు వింత అర్జునకర్ణుల తారతమ్యము గాదు, అశ్వత్థామకర్ణుల మైత్రి. దీనిని ఎవ్వరును పట్టించుకొనకపోవుట మా కాశ్చర్యము కలిగించినది. చిత్రమున అశ్వత్థామ కర్ణుని గుర్తించి పొంగిపోవును. భారతమున ఈ యిద్దఱి సంబంధము ఇంత సులువైనది కాదు. విరాటపర్వమున కర్ణుని ప్రగల్భములను అశ్వత్థామ కటువుగ నిందించును. ద్రోణపర్వమున, రాత్రియుద్ధసమయమున, కర్ణుడు కృపాచార్యుని అవమానింపగా మేనమామకై అశ్వత్థామ కత్తి దూసి కర్ణునిపై ఉఱుకును. దుర్యోధనుడును కృపుడును అడ్డుపడి ఆపవలసివచ్చినది. కాని ద్రోణుడు కూలిన పిమ్మట కర్ణుని సేనాపతిగ చేయుమని దుర్యోధనునకు చెప్పినవాడును ఈ యశ్వత్థామయే. దుశ్శాసనవధానంతరము ఇక సంధి చేసికొమ్మని ప్రార్థించినవాడును ఇతడే. తగవు నుండి గౌరవమునకు, గౌరవము నుండి శాంతికాంక్షకు నడచిన యీ రేఖ యెంతో సుందరమైనది. ఆఱువేల యేండ్ల పిమ్మట కర్ణుని చూచిన అశ్వత్థామ మొదట దూసిన కత్తిని తలచుకొనియుండినచో, ఆ యానందమునకు ఎంత లోతు వచ్చెడిదో! చిత్రము చివరి దశను మాత్రమే గ్రహించి తొలి తగవును విడిచినది. ఇది పాండిత్యలోపమని మేము తప్పుపట్టుట లేదు; రసలోపమని చెప్పుచున్నాము.

ఆఱువేల యేండ్ల లెక్కను గూర్చి ఒక మాట. కలియుగారంభము క్రీ.పూ. 3102 అను సంప్రదాయగణనమునకు 6000 చేర్చి 2898 సాధించిరి. క్రీస్తుశకమున సున్నయేడు లేదు గనుక ఒక సంవత్సరము తగ్గును. అది దోషముగ నెంచము. కలియుగపరిమాణము 4,32,000 ఏండ్లని పురాణములు చెప్పుచుండగా ఇంతలోనే కల్కి రాకడ యేమని యడిగినవారు కొందఱు కలరు. వ్యాసుని సౌప్తికపర్వమునందు అశ్వత్థామశాపమునకు మూడువేల యేండ్లే గడువని వారికి గుర్తులేదు కాబోలు. ఆ లెక్కన చూచినచో అతడు ఎన్నడో విముక్తుడై యుండవలెను. ఇట్టి గణితమును కథలకు పట్టించుట మొదలిడినచో ఏ పక్షమును మిగులదు.

ఇక ప్రధానవిషయము. మన నాట్యశాస్త్రము కథాంతమును నిర్వహణసంధి యనును. ముఖసంధియందు నాటిన బీజము ఫలించి, చెదరిన యర్థములన్నియు ఒకచోట కూడుట దాని లక్షణము. ఈ కొలతతో చూడుడు. చిత్రారంభమున నాటిన బీజమేమి? గర్భమునకు చేసిన ద్రోహము. ఫలమేమి? గర్భమునకు చేయవలసిన రక్షణ. ఉత్తరాగర్భమును చంపబోయినవాడు సుమతిగర్భమును కాపాడుటయందు అపరాధమునకును ప్రాయశ్చిత్తమునకును ఆకృతి యొక్కటియే. గర్భములను పిండి బ్రతుకుచున్న యాస్కిన్ ప్రతినాయకుడగుటతో మూడు కోణములు కలిసినవి. చిత్రము గర్భసంధియందే ఆగినది యనుటలో శ్లేష కలదు గాని, ఆ శ్లేష కథకుల కల్పనయే యైనంత చక్కగ అమరినది. భారతమును ఇంత యర్థవంతముగ భావికాలమునకు మోసికొనిపోయిన తెలుగుచిత్రము మఱియొకటి మాకు తెలియదు. 1991లో సింగీతము శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో కాలయంత్రమును కృష్ణరాయల సభకు నడిపినపుడు గతము చూచివచ్చు చోటుగ నుండెను; ఇచ్చట గతము తీర్పవలసిన ఋణముగ నున్నది. ఆ సింగీతమే ఈ చిత్రమునకు మార్గదర్శకుడుగ నుండుట తలపదగినది.

మఱి కర్ణునకు బీజమెచ్చట? అశ్వత్థామ చేతికఱ్ఱ తప్ప వేఱొకటి మాకు కనబడలేదు. దానకర్ణుని మఱుజన్మ పైకమునకై గర్భిణిని అమ్మజూచువాడగుట గొప్ప భావన, ఇచ్చినవాడే పుచ్చుకొనువాడయ్యెను. ఈ వైరుద్ధ్యము కథలో నడుమ నడుమ ఒక సందేహముగ, ఒక తడబాటుగ పొడసూపియుండినచో ప్రత్యభిజ్ఞ పండెడిది. అట్లు జరుగలేదు. విల్లు చేతికి వచ్చినది, వీరుడు మాఱెను. తిక్కన యుద్యోగపర్వమున కర్ణునకు మహత్త్వము విల్లు వలన రాలేదు. నీవు పాండవాగ్రజుడవని తెలిసికొనియు, రాజ్యము చేతికందియు, నమ్మినవానిని విడువనని పలికిన పలుకు వలన వచ్చినది. అది నిశ్చయము. ఇది ఆవేశము. విజయధనుస్సు పరశురాముని వలన కర్ణునకు వచ్చినట్లు కర్ణపర్వము చెప్పును, నిజమే. కాని ఉద్యోగపర్వమున రుక్మి వింటికిని విజయమనియే పేరు. ఆ పేరుగల వింటిని పట్టినవాడెల్ల కర్ణుడు కాజాలడు గదా.

కర్ణుడై వెలిగిన భైరవుడు వెంటనే పూర్వలోభమునకు దిగజాఱుట అభిమానులకు మింగుడుపడలేదు. ఇందులో మాత్రము మేము కథకుల పక్షమున నుందుము. పునర్జన్మ తెలిసినంతనే మంచివాడైపోయినచో కర్ణునకు రెండవమాఱు కవచము తొడిగినట్లగును. పూర్వజన్మలో మంచిచెడ్డలు తెలిసియు చెడ్డవాని ప్రక్క నిలిచినవాడు ఈ జన్మలో ఏ ప్రక్కకు పోవునన్నది నిలిచియున్న ప్రశ్న. దానిని తెరిచి యుంచుటయే చిత్రాంతమునకు శోభ. పరాజయపట్టికలు వల్లించినవారును, న్యాయము జరిగినదని చప్పట్లు కొట్టినవారును ఈ ఘట్టమును చూడనట్లే వాదించిరి. కర్ణుని దేవునిగ చేసిరన్న నింద గాని ప్రశంస గాని, అతడు తుదకు సుమతిని అపహరించుచున్నాడని గుర్తున్నచో నిలువదు.

మూడవ పక్షమువారి మాటకు వత్తము. వారికి తోడుగ విదేశములలో పెద్ద సమూహమే కలదు. 2009 మార్చి 20న ముగిసిన 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా' యను అమెరికా ధారావాహికలో మనుష్యులకును వారు చేసిన యంత్రములకును సంవత్సరముల తరబడి నడచిన యుద్ధము తుదకు దైవసంకల్పముగ తేలినది. ముఖ్యపాత్ర యొకటి గాలిలో మాయమైనది. శాస్త్రయుక్తమైన సమాధానమును కోరినవారు మోసపోతిమనిరి; మొదటినుండియు ఆ కథ దైవమును గూర్చినదే యని తక్కినవారనిరి. రెండవవారి వాదమునకు బలము కలదు. ఆ ధారావాహిక నామావళిలో వినబడునది మన గాయత్రీమంత్రము! 1968 ఫిబ్రవరి 1న బ్రిటనులో ముగిసిన 'ది ప్రిజనర్' మఱియు సన్నిహితమైన ఉదాహరణము. బందీయైన ఆఱవ నంబరువాడు ఒకటవ నంబరువా డెవడో తెలిసికొనుటకు పదునేడు భాగములు పోరాడి, తుదకు ముసుగు తీసిచూడగా కనబడినది తన ముఖమే. ప్రేక్షకులు మండిపడిరి. కాని ఒకటవవాడెవడన్న ప్రశ్నయు, దానికి వచ్చు దాటవేతసమాధానమును నామావళియందే వినబడుచుండెననియు, ఆ సమాధానమును మఱియొక విధముగ విఱిచి చదివినచో రహస్యము మొదటనే చెప్పబడినట్లగుననియు పిమ్మట కొందఱు గ్రహించిరి. బీజమనగా ఇది. నాయకుడు తానెఱుగని మఱియొకడని తేల్చుటయందు ఆ కథకును కల్కికిని పోలిక కలదు; నాటినదానిని కోయుటయందు లేదు. దైవమువచ్చినదని కల్కి యంతమును తప్పుపట్టుట కుదరదు. దైవము మొదటి దృశ్యమునందే పలికెను. కర్ణుడు పలుకలేదు.

అసంపూర్ణమైన కథకు అంతమును విమర్శించుట తగునా యని యొక సహాధ్యాపకు డడిగెను. తగునని మా యభిప్రాయము. అందులకు నన్నయయే సాక్షి. ఆరణ్యపర్వము చతుర్థాశ్వాసమున శరద్రాత్రివర్ణనముతో ఆయన రచన ఆగినది. ఆయన ఆగవలెనని ఆగలేదు. అయినను ఆ వెన్నెలరాత్రియందు చదువరి మనస్సు విశ్రమించును. రెండు వందల యేండ్లకు పైగా గడచిన తరువాత ఎఱ్ఱన శరత్కాలపు టరుణోదయముతో అందుకొనెను. నన్నయ రాత్రి ఎఱ్ఱన పగటిలోనికి తెల్లవాఱెను. కృతిని రాజరాజునకే అంకితముగ నిలిపి, తన పేరును మఱుగుపఱచుకొనెను. ఆగినచోటు ఎట్టిదైనను దానికి తనదైన విశ్రాంతి యుండవలెను; తరువాత వచ్చువాడు ఆ విశ్రాంతిని చెడగొట్టక మేల్కొలుపవలెను. కల్కి ఆగినచోట అశ్వత్థామకు విశ్రాంతి లేదు, ఉండరాదు కూడ. అతడు భైరవుని వెంట పరుగెత్తుచున్నాడు. కర్ణప్రత్యభిజ్ఞ మాత్రము తెల్లవాఱుటకు ముందే వచ్చిన పగలువలె నున్నది.

తుదిదృశ్యమును గూర్చి ఎవ్వరును వాదింపకపోవుట మాకు వింతగ తోచుచున్నది. యాస్కిన్ గాండీవము నెత్తుచు శ్రీశ్రీ కవితావాక్యములను పలుకును. పీడితులకై వ్రాసిన మాటలు పీడకుని నోట వినబడుచున్నవి. అర్జునుని విల్లు గర్భహంతకుని చేత నున్నది. అర్జునుని తక్కువచేసిరని వాపోయినవారు దీనిని గదా ముందు చూడవలసినది! మౌసలపర్వమున ఆభీరుల యెదుట గాండీవము నెక్కుపెట్టుటకే అర్జునుడు కష్టపడెను. మహాప్రస్థానికపర్వమున అగ్నిదేవుడు వచ్చి అడుగగా దానిని నీటిలో విడిచెను. వరుణునకు చేరవలసిన విల్లు కాంప్లెక్స్‌నకు ఎట్లు చేరెను? నీటినుండి దానిని ఎవ్వరు తీసిరి? గంగ యెండిపోయిన కాశిని చూపిన కథకులు ఈ ప్రశ్నకు సమాధానమును తమయొద్ద నుంచుకొనియే ఆ దృశ్యమును తీసియున్నచో, వారు నాటిన రెండవ బీజము అదియే.